బుధవారం ఒక్కపొద్దు

నన్ను నోరారా అక్కా అని పిలిచే మనిషి ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదు. ఇది మెచ్చుకోవడమో దెప్పడమో మీ ఇష్టం. నేనైతే దెప్పుతూనే రాస్తున్నాను. ఈ వయసులో ఇంకా మొహమాటం దేనికి.

ఇద్దరం సికింద్రాబాదులో ఒకే బడిలో పనిచేసి రిటైరయ్యాం. తను లెక్కలు, నేను సోషల్. పిల్లలకి తను లెక్కల మేడమ్, నేను సోషల్ మేడమ్. ఇక్కడా అవే చాలు, పేర్లతో పనిలేదు. తనది వెస్ట్ మారేడ్‌పల్లి, తాతల నాటి నుంచీ హైదరాబాదు వాళ్ళే. గుడ్డు కూడా గడప దాటనివ్వని ఇల్లు. మాది కార్ఖానా ఏరియా. మా నాన్న కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి, చర్చికి దగ్గరని ఇక్కడ ఇల్లు చూసుకున్నాడు.

స్టాఫ్ రూములో మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పేవాళ్ళం. తన డబ్బాలో పులిహోర ఉంటే నాకు పెట్టకుండా తినేది కాదు. పెట్టే తీరే వేరు. నేను నా డబ్బా మూత పట్టుకుంటే, తన చెంచా ఆ మూతకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి జారవిడిచేది. సగం మెతుకులు బల్ల మీద పడేవి. "జెర మంచిగ పట్టుకో అక్కా" అని మళ్ళీ నన్నే అనేది. నేనేదైనా పెట్టబోయానా, ఆ రోజు ఒక్కపొద్దు. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి. మంగళవారం ఎప్పుడన్నా హనుమంతుడికి. ఏ దేవుడూ దొరకని రోజు కడుపు మంచిగ లేదు. మొదట్లో నిజమే అనుకుని, ఇంత భక్తి ఎలా అలవడిందమ్మా అని మెచ్చుకున్న దద్దమ్మని నేను.

పోనుపోను ఏవి చెల్లుతాయో నేర్చుకున్నాను. తొక్క ఉన్న పండు చెల్లుతుంది. సీలు తియ్యని బిస్కెట్ ప్యాకెట్ చెల్లుతుంది. క్రిస్మస్‌కి బేకరీ నుంచి గుడ్డు వెయ్యని కేకు తెచ్చి డబ్బా విప్పకుండా ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. నా చెయ్యి తగిలిందీ, నా పొయ్యి మీద ఉడికిందీ మాత్రం చెల్లదు.

తనింటికి వెళ్తే మర్యాదకి ఏం లోటు లేదు. సోఫాలో కూర్చోబెట్టి ఫ్యాను వేసేది. అందరికీ స్టీలు గ్లాసులో కాఫీ, నాకు మాత్రం పువ్వుల బొమ్మలున్న గాజు గ్లాసు. నాకేదో ప్రత్యేకమని మురిసిపోయాను, నా మొహం. ఒకసారి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే, కుళాయి గట్టు మీద పనిమనిషి గ్లాసు పక్కనే ఆ పువ్వుల గ్లాసు బోర్లించి ఉంది. ఎండలో మెరుస్తూ ఉంది, మెరిసినందుకు ఇంకా కోపమొచ్చింది. తర్వాత కాలంలో పేపర్ కప్పులు వచ్చాయి. ఇద్దరికీ తక్లీఫ్ తగ్గింది.

పోనీ చెడ్డమనిషా అంటే కాదు. అదే నా ఏడుపు. చెడ్డదైతే ఎప్పుడో దులపరించుకుని నా దారి నేను చూసుకునేదాన్ని. మా ఆయన పోయినప్పుడు, మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చేలోపే తను వచ్చి నా పక్కన కూర్చుంది. నేను మంచినీళ్ళు కూడా ముట్టకుండా పడి ఉంటే తనింటి నుంచి పెరుగన్నం తెచ్చి, ఎడమచేత్తో నా తల నిమురుతూ తినిపించింది. చెంచాతో. అంత దుఃఖంలోనూ నా కన్ను ఆ చెంచా మీదే పడింది. ఈ జబ్బు మనిషిని అలా తయారుచేస్తుంది.

జబ్బు పేరు మా ఇద్దరికీ తెలుసు. మా తాత మిషన్ బడిలో చేరక ముందు మా వాళ్ళు ఊరికి ఏ పక్కన ఉండేవాళ్ళో తనకి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర చెప్పక్కర్లేదు. కోస్తా అనగానే, క్రిస్టియన్ అనగానే ఎవరికి వాళ్ళు అర్థం చేసుకుంటారు. నేను ప్రతి ఏడూ పిల్లలకి అంటరానితనం నేరమని పాఠం చెప్పేదాన్ని. గంట కొట్టగానే స్టాఫ్ రూముకి వచ్చి పులిహోర కోసం మూత పట్టేదాన్ని.

మా తమ్ముడు ఇథియోపియాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. మన వైపు లెక్చరర్లు అటు వెళ్ళడం కొత్తేం కాదు. వాడి కుటుంబం ఇక్కడ, వాడు అక్కడ ఒక ఇంట్లో పై వాటాలో అద్దెకి. ఒకసారి వచ్చి చూసిపో అక్కా అని ఏళ్ళుగా పోరు. ఒక్కదాన్నీ అంత దూరం ఎలా అని నేను నసుగుతుంటే, లెక్కల మేడమ్ "నేను సుత వస్త తియ్యి" అంది. వాళ్ళబ్బాయి టికెట్ చేయించాడు. తన సూట్‌కేసులో చీరలు తక్కువ, పొడులు ఎక్కువ. కరివేపాకు పొడి, కందిపొడి, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు, మరమరాలు, చిన్న కరెంటు కుక్కరు. ఎయిర్‌పోర్టులో ఆ సూట్‌కేసు విప్పించి ఒక్కొక్క పొట్లం వాసన చూస్తుంటే మా ఇద్దరి ప్రాణాలూ పోయాయి.

అక్కడ మొదటి రోజులు ఆ కుక్కరుతోనే గడిచాయి. వండేది తను, తినేది ముగ్గురం. అలా అయితే పేచీ లేదు. బయట హోటళ్ళలో మనుషులు పెద్ద చాటంత దోసె చుట్టూ కూర్చుని తింటుంటే దూరం నుంచి చూసేవాళ్ళం. దాన్ని ఇంజెరా అంటారు. టెఫ్ అని ఆవాల కన్నా సన్నటి గింజ, దాన్ని పిండి చేసి రోజుల తరబడి పులియబెట్టి పోస్తారు. బూడిద రంగు, మెత్తగా ఉంటుంది, పైనంతా చిన్న చిన్న కళ్ళు. "గిదేందక్కా, నేల తుడిచే బట్ట లెక్కున్నది" అంది తను. నేనూ నవ్వాను. నాకూ అలాగే అనిపించింది మరి.

ఇంటావిడ కింద వాటాలో ఉంటుంది. మా వయసుదే. తెల్లటి పల్చటి నూలు బట్ట తల మీదుగా కప్పుకుని, మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా చెంపకి చెంప ఆనించి పలకరించేది. ఒక శుక్రవారం భోజనానికి పిలిచింది. లెక్కల మేడమ్‌కి తలనొప్పి అని చెప్పనా, కడుపు నొప్పి అని చెప్పనా, తన తరఫున ఏ అబద్ధం ఆడాలో నేనే వెతుక్కుంటున్నాను. ఎవరికోసం వెతుకుతున్నానో చూడండి.

మా తమ్ముడు చెప్పాడు, వాళ్ళ చర్చి పద్ధతిలో బుధవారం, శుక్రవారం ఉపవాసమట. మాంసం, పాలు, గుడ్డు, వెన్న ఏదీ ముట్టరు. నిష్ఠగా ఉండేవాళ్ళు మధ్యాహ్నం మూడింటి దాకా మంచినీళ్ళు కూడా తాగరు. మూడు దాటాక పప్పులూ కూరలూ పెట్టుకుని కడుపునిండా తింటారు. లెక్కల మేడమ్ మొహం విప్పారింది. "గీళ్ళకు సుత ఒక్కపొద్దు ఉంటదా? మనసొంటోళ్ళే అయితే." ఆ 'మన'లో నేనున్నానో లేదో అడగలేదు.

మూడు దాటాక కిందికి వెళ్ళాం. గది మధ్యలో అల్లిక బుట్ట ఒకటి, మోకాలెత్తు పీట మీద పెట్టినట్టుగా, పైన గోపురం లాంటి మూత. ఇంటావిడ కూతురు చెంబూ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చేతుల మీద నీళ్ళు పోసింది. నాకు పోసిన చెంబుతోనే తనకీ పోసింది. మూత తీస్తే లోపల పళ్ళెం నిండా పరిచిన ఇంజెరా, దాని మీద కుప్పలు కుప్పలుగా ఎర్ర కందిపప్పు, పసుపు వేసిన బఠాణీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, క్యారెట్, మధ్యలో కుతకుతలాడే శనగపిండి పులుసు.

"కంచాలేవీ?" అని తను నన్ను తెలుగులో అడిగింది.

"అందరికీ ఇదే కంచం మేడమ్" అన్నాడు మా తమ్ముడు.

నేను తన మొహం వంకే చూస్తున్నాను. తను కాస్త ఆగి, తన వైపు అంచు నుంచి చిన్న ముక్క తుంచి పప్పులో అద్దుకుంది. తింది. ఇంకో ముక్క తుంచింది. "జెర పుల్లగున్నది గని మంచిగనే ఉన్నదక్కా." ఎవరి వైపు నుంచి వాళ్ళు తింటూ లోపలికి వస్తున్నాం, మధ్యలో ఎక్కడో అందరి వేళ్ళూ ఒకే పప్పులోకి పోతున్నాయి. నాకు తిండి మీద ధ్యాస లేదు. తన వేళ్ళూ నా వేళ్ళూ ఎంత దూరంలో ఉన్నాయో అదే చూస్తున్నాను.

ఇంతలో ఇంటావిడ ఒక పెద్ద ముక్క తుంచి, అన్ని కూరలూ పెట్టి చుట్టి, చెయ్యి చాచి లెక్కల మేడమ్ నోటి దగ్గర పెట్టింది. తను బిత్తరపోయింది. మా తమ్ముడు ఫోన్లో వీడియో తీస్తూ నవ్వాడు. "దీన్ని గుర్షా అంటారు మేడమ్. అతిథికి చేత్తో తినిపిస్తారు. వద్దంటే బాధపడతారు." మనం పిల్లలకి గోరుముద్దలు పెడతాం చూడండి, వీళ్ళు పెద్దవాళ్ళకి పెడతారు, ఇష్టమైన వాళ్ళకీ, కొత్తవాళ్ళకీ. తను నోరు తెరిచింది. బుగ్గలు నిండిపోయాయి. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఇంటావిడ నా వైపు చూపిస్తూ ఏదో అంది. ఇప్పుడు మీరు మీ స్నేహితురాలికి పెట్టాలట అన్నాడు తమ్ముడు.

తను నా వైపు తిరిగింది. ఆ కాసేపు నాకు చచ్చిపోవాలనిపించింది. తను వద్దంటుందనీ, అందరి ముందూ అంటుందనీ. తను ముక్క తుంచి, పప్పు పెట్టి చుట్టి, "నోరు తెరువు అక్కా" అంది. పప్పు కారం, పిండి పులుపు, తన వేలి ఉంగరం చల్లగా నా పెదవికి తగిలింది. చెంచా లేదు. జానెడు ఎత్తు లేదు.

నా వంతు వచ్చింది. వెనక్కి జరుగుతుందేమోనని ముద్ద చిన్నది చేశాను. తను కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. పెట్టాను. ఇంటావిడ చేతులూపుతూ గోల చేసింది. ఒక్క ముద్దతో ఆపకూడదట, రెండోదీ పెట్టాలట, ఆపితే ప్రేమ లేనట్టట. ఈసారి తను కళ్ళు తెరిచే తింది, నా మొహంలోకి చూస్తూ. నాకు ఏడుపు ఆగలేదు. కారం అన్నాను. తన కళ్ళూ తడిగానే ఉన్నాయి, తనూ కారమే అంది.

తర్వాత కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు మా ఎదుటే వేయించి, ఆ పొగ మా మొహాల దాకా తెచ్చి వాసన చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో పోశారు. మూడు విడతలు తాగాలి, మధ్యలో లేవడం మర్యాద కాదు. ప్రతి విడతకీ ఆ గిన్నెలన్నీ ఒకే పళ్ళెంలో కడిగి మళ్ళీ పోసేవాళ్ళు. ఎవరి గిన్నె ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలీదు. తను మూడూ తాగింది.

ఆదివారం కిందింట్లో పండగ. ఇంటావిడ మసాలా అద్దిన పచ్చి గొడ్డు మాంసం తింటూ కనిపించింది, మేడమ్ నోట్లో ముద్ద పెట్టిన అదే చేత్తో. నేను భయం భయంగా లెక్కల మేడమ్ వంక చూశాను. "గది ఆళ్ళ ఆచారం అక్కా, మనకెందుకు" అంది, ఎంతో ఉదారంగా. ఆవిడా క్రిస్టియనే, నేనూ క్రిస్టియనే. నేను నీ పప్పు డబ్బాలో చెయ్యి పెడితే ఏమయ్యేది అని అడగొచ్చు. నాకు అడగాలనిపించలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళకి ఎవరినీ నిలదియ్యాలనిపించదు.

మిగిలిన రోజులన్నీ ఒకే పళ్ళెంలో తిన్నాం. రోడ్డు పక్క హోటళ్ళలో, బస్సు ఆగిన చోట, సరస్సు ఒడ్డున. కుక్కరు మూల పడింది. ఉపవాసం పళ్ళెం అని అడగడం తను ఆ భాషలో నేర్చుకుంది. నా వైపున్న ఆకుకూర నచ్చితే చెయ్యి చాచి తీసుకునేది. తిరుగు ప్రయాణంలో విమానంలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోతే, ఆ బరువు మోస్తూ అనుకున్నాను, అయిపోయింది, ఆ పీడ అక్కడే వదిలేసి వస్తున్నామని. ఒకసారి ఎంగిలి కలిశాక ఇంక దాచుకోవడానికి ఏం మిగులుతుంది? అక్కడే నేను పప్పులో కాలేశాను.

వచ్చాక ఒకరోజు మారేడ్‌పల్లిలో వాళ్ళింట్లో చుట్టాలు చేరారు. ప్రయాణం కబుర్లు చెబుదువు రా అక్కా అని ఫోను చేసింది. ఉత్సాహంగా వెళ్ళాను. అందరికీ స్టీలు ప్లేట్లలో ఉప్మా. నాకు పేపర్ ప్లేటు. ప్లేట్లు తక్కువ పడ్డాయేమోలే అని నన్ను నేను సముదాయించుకున్నాను. వంటింటి గూట్లో ప్లేట్ల దొంతర నాకు కనిపిస్తూనే ఉంది.

తను ఫోన్ తీసి వీడియో పెట్టింది. మా తమ్ముడు తీసిందే. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. ఇంటావిడ ముద్ద పెడుతోంది, తను నోరు తెరుస్తోంది. వాళ్ళ అత్తగారు, తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ముక్కున వేలేసుకుని, "ఫారినోళ్ళ చేతితోని తిన్నవా, భలే దానివే" అని మురిసిపోయింది. తర్వాత వచ్చేది నేను. వీడియోలో ఇంటావిడ నా వైపు చెయ్యి చూపించడం మొదలైంది. తను బొటనవేలితో చటుక్కున ఆపేసింది. "గంతే, అయిపోయింది" అంది.

అయిపోలేదు. నాకు తెలుసు, తనకి తెలుసు. నా చేతిలో ఉప్మా చల్లారిపోయింది. ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చి నా ఫోన్లో ఉన్న అదే వీడియో చివరిదాకా చూశాను. రెండో ముద్దకి తను కళ్ళు తెరిచే తిన్నది మళ్ళీ మళ్ళీ చూశాను. అబద్ధం కాదు అది. అబద్ధమైతే బావుండేది.

నాకు మొండితనం పుట్టింది. తేల్చుకుందాం అనుకున్నాను. తను నా ఇంట్లో, నా చేత్తో, ఒక్కసారి తినాలి. తింటే ఈ గ్లాసులూ పేపర్ ప్లేట్లూ అన్నీ మర్చిపోతాను. తినకపోతే నేనెవరినో నాకు తెలుస్తుంది. ఫోను చేసి అవీ ఇవీ మాట్లాడుతూ, "ఏమ్మా, అసలు నీకు ఏ వారం ఒక్కపొద్దు ఉండదు?" అని అడిగాను. "బుధవారం ఏం లేదు గదా" అంది మాటల్లో. "అయితే వచ్చే బుధవారం మా ఇంటికి భోజనానికి రా. అక్కడ తిన్నామే, ఉపవాసం పళ్ళెం, అదే చేస్తాను." తను మోకాళ్ళ నొప్పుల మాట ఎత్తింది. "వస్తావా రావా చెప్పు." "వస్త తియ్యి అక్కా" అంది.

ఏ సాకూ మిగలకూడదని అన్నీ కొత్తవి కొన్నాను. మోండా మార్కెట్‌లో తిరిగి తిరిగి కొత్త గిన్నెలు, కొత్త పెనం, కొత్త గరిటె, కొత్త చెంబు. మేదరివాళ్ళ దగ్గర పెద్ద తట్ట తీసుకుంటే, ఏం ఫంక్షనమ్మా అని అడిగారు. స్నేహితురాలు భోజనానికి వస్తోంది అన్నాను. చెప్పుకుంటే గొప్పగా అనిపించింది. ఆ ఆదివారం ఇంట్లో కోడి వండలేదు. టెఫ్ దొరకదు కదా, రాగిపిండీ బియ్యప్పిండీ కలిపి పులియబెట్టాను. మొదట పోసినవన్నీ పెనానికి అంటుకుపోయి ముద్దముద్దగా వచ్చాయి. తర్వాత కళ్ళు పడ్డాయి. అక్కడి నుంచి తెచ్చుకున్న కారప్పొడితో పప్పు చేశాను, నూనెతో, నెయ్యి చుక్క వెయ్యకుండా. ఇంత వయసొచ్చి, పెళ్ళిచూపులకి సిద్ధమయ్యే పిల్లలా గుండె కొట్టుకుంది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

బుధవారం మధ్యాహ్నం వచ్చింది. చేతిలో మల్లెపూల దండ, డజను అరటిపళ్ళు. నేను తట్ట మీద మూత తీశాను. "అబ్బ, అచ్చం గట్లనే చేసినవ్ అక్కా" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఫోటో తీసుకుంది. నేను చెంబూ పళ్ళెం తెచ్చి తన చేతుల మీద నీళ్ళు పొయ్యబోయాను. చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల బుధవారం గదా అక్కా."

"బుధవారం ఏం లేదన్నావు."

"గప్పుడు లేకుండె. గీ వారం సంది షురూ చేసిన. గా ఇంటామె బుధవారం, శుక్రవారం ఉంటది గదా. నాకు మంచిగనిపిచ్చింది. నేను సుత ఒక్కపొద్దు పట్టిన."

ముందు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, చెంబులో నీళ్ళు ఒలికేలా. అంత దూరం తీసుకెళ్ళి, అన్ని కొండలు ఎక్కించి దింపి, ఈవిడకి నేను ఇప్పించింది ఇంకో ఒక్కపొద్దు. తర్వాత ఒళ్ళు మండింది.

"వాళ్ళకి మూడింటి దాకానేగా. కూర్చో. మూడయ్యాక తిందాం. నాకేం తొందర లేదు."

కూర్చుంది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను, వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం, బడి పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల గురించి మాట్లాడుకున్నాం. తను గోడ గడియారం వంక చూస్తోంది, నేను తనని చూస్తున్నాను. అంచులు ఎండిపోతున్నాయని నీళ్ళు చిలకరించి మళ్ళీ మూత పెట్టాను. ఫోను మోగితే ఆశగా తీసింది. ఏదో బ్యాంకు వాళ్ళు.

మూడయింది. మూత తీసి, పెద్ద ముక్క తుంచి, తనకిష్టమని ఎర్రపప్పూ ఆకుకూరా పెట్టి చుట్టాను. తన నోటి దగ్గర పెట్టాను. తను నోరు తెరవలేదు.

"అక్కడ తిన్నావు" అన్నాను.

"గాడ ఎవరు జూస్తరు అక్కా. గాడ నువ్వెవరో నేనెవరో ఎవరికెరుక?"

"ఇక్కడ నేనెవరు?"

"గట్లనకు." ముద్ద వంక చూస్తూ అంది. "ఇంటికి పోంగనే దీపం ముట్టియ్యాలె. అత్తమ్మ అడుగుతది, ఏడ తిన్నవ్, ఎవరింట్ల తిన్నవ్ అని. ఏం చెప్పాలె?"

"అబద్ధం చెప్పు. నాకు ఇన్నేళ్ళు చెప్పావుగా."

తను తల దించుకుంది. అరచెయ్యి చాచింది. "చేతిల వెయ్యి అక్కా. ఇంటికి తీస్కపోత."

"తీసుకుపోయి?"

చాచిన అరచెయ్యి తను ఒళ్ళోకి తీసుకుంది. నా చెయ్యి నొప్పెట్టే దాకా ఆ ముద్ద అలాగే పట్టుకున్నాను. తర్వాత పళ్ళెంలో ఒక పక్కన పెట్టేశాను. ఏడవలేదు. కారం అని చెప్పడానికి నేనింకా ఏమీ తినలేదు కదా.

తను లేచింది. వెళ్ళిపోతోంది అనుకున్నాను. ఎన్నడూ అడుగు పెట్టని మా వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు చప్పుడు చేస్తూ వెతికి, ఒక చెంచా పట్టుకొచ్చింది. దానితో ఇంజెరా ముక్క కోసి, పప్పు కలిపి, నా నోటి దగ్గర పెట్టింది. ఎడమచెయ్యి నా తల మీద ఉంది, మా ఆయన పోయిన రోజు ఉన్నట్టే.

"నువ్వన్న తిను అక్కా. పొద్దటి సంది ఏం తిననట్టున్నవ్."

ప్రేమ లేక కాదు. ఆ చేతిలో ప్రేమ ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. ఆ చెంచా కూడా తెలుస్తోంది.

"ఇవాళ నాకూ ఒక్కపొద్దేనమ్మా" అన్నాను.

"మూడు దాటింది గదా అక్కా."

"నాది మూడింటితో అయిపోయేది కాదు" అని, ఆ చెంచా తన చేతిలోంచి తీసుకుని, తను తెచ్చిన అరటిపళ్ళ పక్కన బోర్లించాను.